గాజు గొట్టానికి కట్టిన దారం

తొమ్మిదో తరగతి మొదలైన రోజు హెడ్మాస్టరు మా గదిలోకి వచ్చి, "మొగపిల్లలు కూసోండ్రి. ఆడపిల్లలు లేవుండ్రి" అన్నాడు.

లేచాం. తరగతి మొత్తానికి ఆడపిల్లలం మేమిద్దరమే. ఇకమీదట సైన్సూ పెద్ద లెక్కలూ మొగపిల్లలకనీ, మాకు చిన్న లెక్కలూ కుట్టుపనీ వంటా అనీ చెప్పాడు. బయట వరండాలో కుట్టుపని టీచరు అప్పటికే చాప పరుచుకుని కూర్చుంది. అటు పొమ్మని చేయి చూపించాడు.

నేను కూర్చున్నాను. వరండాలో కాదు, మా బెంచీ మీదే. నన్ను చూసి నా పక్క పిల్ల కూడా కూర్చుంది.

ఆమెది మాదిగవాడ. తండ్రి బెల్లంపల్లి బొగ్గుబాయిలో పని చేసేవాడు. ఆమె అమ్మమ్మ దగ్గర ఉండి మా ఊళ్లో చదువుకునేది. మాది సాలెవాడ. కరీంనగర్ జిల్లాలో మగ్గాల చప్పుడుతో తెల్లారే చిన్న ఊరు మాది. ఆరో తరగతిలో ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు, నాకేమో ఇంకో ఆడపిల్ల తోడు లేదు. అలా ఒకే బెంచీ మీదికి చేరాం. మొదట గతిలేక, తర్వాత ఇష్టంతో.

"ఎందుకు కూసున్నరు?" అన్నాడు హెడ్మాస్టరు.

"సైన్సు చదువుతం సార్" అన్నాను.

"సైన్సు గదిల గాజు సామాన్లుంటయి. యాసిడ్ ఉంటది. మొఖం మీద పడ్డదనుకో, రేపు నిన్నెవడు చేసుకుంటడు?"

మొగపిల్లలు పడీపడీ నవ్వారు. హెడ్మాస్టరు కూడా నవ్వి, "రేపు మీ బాపును తోలుకరా" అని వెళ్లిపోయాడు.

నాకు సైన్సు ఎందుకు కావాలో ఆయన అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని. అంతకు ముందు ఏడు, పాత సైన్సు సారు ఒకసారి సున్నపుతేటలోకి గొట్టంతో ఊది చూపించాడు. తేటనీళ్లు పాలలాగా తెల్లబడ్డాయి. ముందు నిలబడ్డ మొగపిల్లల భుజాల మీంచి మేం సరిగా చూడలేకపోయాం. అందుకని సాయంత్రం మా పెరట్లో, తాంబూలం సున్నాన్ని నీళ్లలో కలిపి, తేరుకున్నాక పైనీళ్లు వంచి, బొప్పాయి కాడతో మేమే ఊదాం. తెల్లబడ్డాయి. నా ఊపిరిలో ఏదో ఉందని, అది కంటికి కనబడుతుందని నాకు ఆ రోజు తెలిసింది. దాని పేరేమిటో, ఎందుకలా అవుతుందో తెలుసుకోవాలనుకున్నాను. దిండుగలీబుల మీద పువ్వులు కుట్టాలని మాత్రం అనుకోలేదు.

ఇంటికెళ్లి చెప్పాను. బాపు మగ్గం గుంటలోంచి తల ఎత్తి, "సార్లతోని మనకెందుకు బిడ్డా లొల్లి?" అన్నాడు. మా అమ్మను అవ్వ అనేదాన్ని. అవ్వ రంగు నూలు పిండి దండెం మీద ఆరేస్తూ ఉంది. మర్నాడు పొద్దున చేతులు కడుక్కుని, కొంగు దులుపుకుని నాతో బయల్దేరింది.

హెడ్మాస్టరు ఆమెను కూర్చోమనలేదు. "పోరికి జర బుద్ధి చెప్పమ్మా. యాసిడ్‌తోని ఆటలా? కాల్తె ఎట్ల?" అన్నాడు.

అవ్వ నా చేయి పట్టుకుని ముందుకు లాగింది. జాకెట్టు చేతిని మోచేయి పైదాకా మడిచింది. మణికట్టు నుంచి మోచేతి దాకా చుక్కలు చుక్కలుగా మచ్చలు.

"గిది చూడుండ్రి సారూ. ఏడేండ్లప్పటి సంది రంగు కాగు కాడ కూసుంటది. కాష్టిక్ సోడా కలుపుతది. మరిగే కాగుల నూలు ముంచి తీస్తది. గిన్నొద్దులు ఎవ్వలన్న మా ఇంటికొచ్చి, గీ పిల్ల మొఖం కాల్తదే అన్నరా? పని చేస్తె కాలదు గని, సదువుకుంటె కాల్తదా?"

"నీకు చదువు సంగతేం తెల్సు?"

"తెల్వది. తెల్వకనే గద బిడ్డను తోలింది."

హెడ్మాస్టరు బల్ల మీది గంటను అటూ ఇటూ జరిపాడు. చివరికి, "ఏమన్న అయితె నా జిమ్మేదారి లేదు" అన్నాడు.

"నేను గూడ సార్" అంది గుమ్మం దగ్గర్నుంచి నా స్నేహితురాలు. ఆమె తరఫున రావడానికి ఎవరూ లేరు. అమ్మమ్మ కూలికి పోయింది, తండ్రి బొగ్గుబాయిలో ఉన్నాడు. ఆమె తనకు తానే వచ్చింది. ఒకసారి ఒకరికి ఒప్పుకున్నాక రెండో పిల్లను కాదనడానికి ఆయనకు సాకు దొరకలేదు.

మా అవ్వ గొప్పది అని చెప్పి ఊరుకుంటే అది సగం నిజమే. ఆ దారిలో తిరిగొచ్చేటప్పుడు ఆమె నా స్నేహితురాలికి రెండడుగులు ఎడంగా నడిచింది. మా ఇంట్లో ఆ పిల్లకు మంచినీళ్లు దోసిట్లోకి పైనుంచే పోసేది. ఆ విషయంలో నేను ఎన్నిసార్లు పోట్లాడినా నా మాట నెగ్గలేదు.

రెండేళ్లు నల్లబల్ల మీదే సైన్సు చదువుకున్నాం. ఆఖరి ఏడాది, పదకొండో తరగతిలో, ప్రయోగాలు మొదలయ్యాయి. అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్లయింది. కొత్త సైన్సు మాస్టారు గుంటూరు వైపు నుంచి వచ్చాడు. మంచివాడు, మెత్తనివాడు. ఎవరితోనూ పేచీ పెట్టుకోకుండా బదిలీ దాకా నెట్టుకొస్తే చాలనుకునేవాడు.

మొదటి ప్రయోగం పిపెట్‌తో. అది నడుమ ఉబ్బుగా ఉండే పొడుగాటి గాజు గొట్టం. ఒక కొస చాకలి సోడా కరిగించిన నీళ్లలో ముంచి, రెండో కొస నోట్లో పెట్టుకుని గీత దాకా పీల్చాలి. వెంటనే వేలితో మూసి, ఆ నీళ్లు గాజు కుప్పెలోకి వదలాలి. రంగు చుక్కలు వేస్తే అవి పసుపుపచ్చగా అవుతాయి. పైన బిగించిన ఇంకో గొట్టం నుంచి యాసిడ్ చుక్కచుక్కగా జారుతుంటే ఒకచోట, ఒకే ఒక్క చుక్కకు, పసుపు ఎర్రబారుతుంది. పీల్చే గొట్టాలు తరగతి అంతటికీ నాలుగైదే ఉండేవి. ఒకరి తర్వాత ఒకరం వాడుకోవాలి.

మాస్టారు మా బల్ల దగ్గరికి వచ్చి, నా స్నేహితురాలితో నెమ్మదిగా, "నువ్వు ఈ అమ్మాయి చేస్తుంటే చూసి రాసుకోమ్మా. నువ్వు చేయకపోయినా పర్లేదు" అన్నాడు.

"ఎందుకు సార్?"

ఆయన కిటికీ వైపు చూశాడు. జవాబు వెనక బల్ల నుంచి వచ్చింది. పటేలు కొడుకు, "గా గొట్టం అందరం నోట్ల పెట్టుకునేది" అన్నాడు.

ఆమె వాడి వైపు తిరగలేదు. మాస్టారితోనే మాట్లాడింది.

"మీ బాయిల నీళ్లు తోడుకోవద్దన్నరు. మావోల్లు వేరే బాయి తవ్వుకున్నరు. గుడికి రావద్దన్నరు, రాలే. గీ గది సర్కారుది సార్. ఇంకో గది నేను యాడ తవ్వుకోవాలె?"

ఆమె గొట్టం తీసుకుంది, సోడా నీళ్లు గీత దాకా పీల్చింది, కుప్పెలోకి వదిలింది. యాసిడ్ జారింది, పసుపు ఎర్రబారింది. మొదటిసారే సరిగ్గా కుదిరింది. తర్వాత నేను అదే గొట్టం తీసుకున్నాను. నాకు మొదటిసారి కుదరలేదు, సోడా నీళ్లు నోట్లోకొచ్చి ఉమ్మేశాను. ఆమె ఒక్కతే నవ్వింది.

మర్నాడు కొందరు తండ్రులు బడికొచ్చారు. ఆ మధ్యాహ్నానికి సైన్సు గదికి తాళం పడింది. మరమ్మతులని చెప్పారు. ఒక్క మేకు కొట్టిన చప్పుడు కూడా వినబడలేదు.

సైన్సు గంట కొట్టగానే మేం వెళ్లి ఆ తాళం ముందు కూర్చునేవాళ్లం. పుస్తకం తెరిచి, వచ్చిన పాఠమే పైకి చదువుకునేవాళ్లం. హెడ్మాస్టరు వచ్చి తిట్టాడు. పేర్లు కొట్టేస్తానన్నాడు. కొట్టేయమన్నాం. అంగడిలో ఒకామె నా మొహం మీదే, "మీ ఇద్దరి పాపాన మా పిల్లగాండ్ల సదువు ఆగింది" అంది. తాళం వేసింది మేం కాదని చెప్పాను. ఆమె వినలేదు.

ఒక సాయంత్రం బాపు దిగులుగా ఇల్లు చేరాడు. "సావుకారు నూలు ఇయ్యనంటుండు. బిడ్డను సక్కగ పెట్టుకొమ్మన్నడు" అన్నాడు. సావుకారు నూలిస్తే బట్ట నేసిచ్చి కూలి తెచ్చుకునేవాళ్లం, నూలు లేకపోతే మగ్గం నడవదు. మగ్గం నడవకపోతే మా పొయ్యి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఇక చాలించమంటాడనుకుని తల వంచుకు నిలబడ్డాను. పోట్లాడటానికి మాటలు కూడా వెతుక్కుంటున్నాను.

బాపు కండువాతో మొహం తుడుచుకున్నాడు. జీవితంలో ఎవరికీ ఎదురు చెప్పని మనిషి. "ఇయ్యకుంటె మానె. వాని బట్ట వాడే నేసుకుంటడా? చూద్దాం. నువ్వయితె పో బిడ్డా" అన్నాడు.

తర్వాత కొన్నాళ్లు అంబలితో గడిచాయి. సావుకారు దగ్గరికి పండగ బట్టల గిరాకీ వచ్చాక నూలు దానంతటదే వచ్చింది.

తాళం తీయించింది మాత్రం మేం కాదు. పరీక్షలు దగ్గరపడ్డాయి. ప్రయోగ పరీక్షకు వేరే ఊరి నుంచి పరీక్షాధికారి వస్తాడు. అందులో తప్పితే మొత్తం తప్పినట్టే. అప్పుడు తాళం వేయమన్న తండ్రులే మళ్లీ వచ్చి తీయమన్నారు. మా మీద కోపం కంటే కొడుకుల మార్కులు ముఖ్యమైపోయాయి.

తలుపులు తెరిచిన రోజు హెడ్మాస్టరు స్వయంగా వచ్చి నిలబడ్డాడు. గొట్టాలన్నీ ఒక నీళ్ల పళ్లెంలో ఉన్నాయి. ఒకటి మాత్రం విడిగా గ్లాసులో ఉంది. దాని మెడకు ఎర్ర దారం కట్టి ఉంది.

"గిది నీది. ఎవ్వలు ముట్టరు. ఇగ నీకు ఫికర్ లేదు, ఎవ్వలకు పరేషాన్ లేదు" అన్నాడు నా స్నేహితురాలితో. ఆయన మొహంలో న్యాయం చేశానన్న తృప్తి కనబడింది. అంతకు ముందు ఆయన చేసిన వాటన్నిటికంటే నాకు ఆ తృప్తి మీదే ఎక్కువ మంట పుట్టింది.

ఆమె గొట్టం చేతిలోకి తీసుకుంది. గోళ్లతో ముడి లాగింది, రాలేదు. ఒక్క మాటా అనకుండా నా ముందుకు చాపింది. నూలు ముడులు విప్పుతూ పెరిగినదాన్ని. విప్పి, దారం కిటికీలోంచి పారేశాను. ఆమె ఆ గొట్టాన్ని పళ్లెంలో మిగతావాటి మధ్య పెట్టి, అరచేత్తో అన్నిటినీ అటూ ఇటూ దొర్లించింది. గాజు గాజుకు తగిలి గలగలమంది.

"ఇగ చెప్పుండ్రి సార్. నాది ఏది?"

హెడ్మాస్టరు పళ్లెంలోకి వంగి చూశాడు. నిజంగానే వెతికాడు. గాజు గొట్టాలన్నీ ఒక్కలాగే ఉంటాయి. ఆయన చెవులు ఎర్రబడ్డాయి, బయటికి వెళ్లిపోయాడు.

నేనొకటి తీసుకున్నాను. ఆమె ఒకటి తీసుకుంది. మొగపిల్లలు గోడకానుకుని నిలబడ్డారు. చాలాసేపటికి పటేలు కొడుకే, "ఫెయిలైతె మా బాపు సంపుతడు" అని గొణుక్కుంటూ వచ్చి ఒక గొట్టం తీశాడు. కుండెడు నీళ్లతో కడిగి, కళ్లు గట్టిగా మూసుకుని, ఆముదం తాగేవాడిలా నోట్లో పెట్టుకున్నాడు. వాడికేమీ కాలేదు. తర్వాత మిగతావాళ్లూ వచ్చారు. మాస్టారు అప్పుడు గొంతు పెంచి, "గొట్టం నిలువుగా పట్టుకోవాలి, ఇలా" అని తానూ ఒకటి తీసి చూపించాడు. ఆ గొంతు ముందే పెంచి ఉంటే బాగుండేదనుకున్నాం.

అందరం పాసయ్యాం. వీడ్కోలు సభలో హెడ్మాస్టరు తన బడిలో అందరూ సమానమేనన్నాడు. నా స్నేహితురాలు ఫక్కున నవ్వింది. ముందు వరుసలోని పెద్దలు వెనక్కి తిరిగి చూశారు. ఆమె నవ్వు ఆపలేదు.

ఆమెకు డాక్టరు కావాలని ఉండేది. మార్కులున్నాయి. కానీ హైదరాబాదులో పైచదువుకు ఎక్కడ ఉండాలి, ఎవరు చేర్చాలి అన్న దగ్గర అన్ని దారులూ మూసుకుపోయాయి. నర్సు శిక్షణలో చేరింది. "సగం తొవ్వల దింపిండ్రు" అంది, నేను చూడబోయినప్పుడు. అక్కడ కూడా వైద్యుల పాఠాలు జరిగే గదికి వెళ్లి గుమ్మంలో నిలబడి వింటోందట. ఎవరూ పొమ్మనలేదా అని అడిగాను. "అన్నరు. పోలే" అంది.

నాకు ఆదిలాబాదు వైపు ఒక బడిలో సైన్సు పంతులమ్మ ఉద్యోగం వచ్చింది. పిల్లల్లో సగం మంది గోండులు, వాళ్లకు తెలుగు అప్పుడప్పుడే వస్తోంది. అక్కడా ప్రయోగాల గది పై తరగతులకే. నేను ఆరో తరగతి వాళ్లను లోపలికి తీసుకుపోయాను.

అక్కడి హెడ్మాస్టరు మరాఠీ కలిపి మాట్లాడేవాడు, పంతులమ్మలను బాయీ అనేవాడు. "బాయీ, లహాన్ పోరగాండ్లు, అన్ని పలగొడ్తరు" అన్నాడు. చిన్నపిల్లలు కదా అని ఆయన బాధ.

"పలగనీ సార్. కొత్తయి అడుగుదాం. మల్ల పలిగితె మల్ల అడుగుదాం."

"పెద్దయినంక నేర్చుకోరాదా?"

"పెద్దయ్యేదాంక బడిల ఉంటరని మీరు రాసిస్తరా?"

ఆ వారంలోనే ఒక గోండు పిల్ల చేతిలోంచి గ్లాసు జారి ముక్కలైంది. ఆ పిల్ల దెబ్బలు పడతాయని రెండు చేతులూ తల మీద పెట్టుకుంది. హెడ్మాస్టరు కిటికీ దగ్గరికి వచ్చి చూస్తున్నాడు. నేను గాజుముక్కలు ఊడ్చి, బీరువాలోంచి ఇంకో గ్లాసు తీసి, ఆయన చూస్తుండగానే ఆ పిల్ల చేతికే ఇచ్చాను.