కలపకూడని రెండు కనెక్షన్లు

1998. మద్రాసు పేరు చెన్నైగా మారి ఎన్నాళ్ళో కాలేదు. చూలైలో నాలుగు తరాలుగా ఉంటున్న మా ఇంట్లో అందరం ఇంకా మద్రాసు అనే అనేవాళ్ళం. నేను అప్పుడొక ప్రైవేటు టెలిఫోన్ కంపెనీలో సిస్టమ్స్ అనలిస్టుని. కంపెనీ రెండు వ్యాపారాలు చేసేది. ఒకటి సెల్‌ఫోన్లు, రెండోది పేజర్లు. పేజర్ అంటే ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. నడుముకు తగిలించుకునే చిన్న పెట్టె. దానికి కబురు వస్తుంది గాని, దాన్నుంచి తిరిగి కబురు పంపడం కుదరదు. సెల్ కొనలేనివాళ్ళకు అదే ఆసరా.

బయటి జనానికి తెలిసింది ఫోనూ, టవరూ. ఏ నంబరు ఎవరిది, బిల్లు ఏ ఇంటికి పోవాలి, ఎవరికి ఏ సర్వీసు ఇవ్వాలి, ఎవరిది ఆపాలి అనేవన్నీ చూసుకునే సాఫ్ట్‌వేర్ వెనక ఉంటుంది. దాన్నే బ్యాక్ ఆఫీస్ సిస్టమ్ అంటాం. మొదట్లో ఏ కంపెనీకి ఆ కంపెనీ సొంతంగా రాయించుకునేది. మాకూ సెల్‌కు ఒకటి, పేజర్లకు ఒకటి ఉండేవి. ఒకదాని సంగతి ఇంకోదానికి తెలియదు. పేజర్లది రాసింది నేనే.

అంతలో మార్కెట్ గాలి మారింది. బయటి దేశాల నుంచి రెడీమేడ్ ప్యాకేజీలు రావడం మొదలైంది. అమ్మడానికి వచ్చిన ప్రతివాళ్ళ నోటా రెండే మాటలు. కన్వర్జెంట్ బిల్లింగ్, అంటే అన్ని సర్వీసులకూ కలిపి ఒకే బిల్లు. సింగిల్ కస్టమర్ వ్యూ, అంటే ఒక మనిషి వివరాలన్నీ ఒకే తెర మీద కనిపించడం. ఇవి లేని కంపెనీ నిలబడదని మా పైవాళ్ళు భయపడ్డారు. ప్యాకేజీ వచ్చాక సొంత ప్రోగ్రాములు రాసినవాళ్ళతో పనేముంటుందని మేం భయపడ్డాం. మా బ్యాచ్‌లో ఇద్దరు అప్పటికే వేరే ఉద్యోగాలు వెతుక్కుంటున్నారు.

నాకు అప్పగించిన పని డేటా కన్వర్షన్. పాత రెండు సిస్టమ్‌లలో ఉన్న మనుషులను కొత్తదాంట్లోకి మార్చాలి. రెండు చోట్లా ఉన్నది ఒకే మనిషి అయితే కలిపేయాలి. చెప్పినంత తేలిక కాదది. ఆ ప్యాకేజీ ఇంటిపేరు అడుగుతుంది, మద్రాసులో మనకుండేది ఇనిషియల్. అందుకని నేనొక పద్ధతి కట్టాను. పేరు, ఇనిషియల్, తండ్రి లేదా భర్త పేరు, పుట్టిన తేదీ కలిస్తే చాలు, చిరునామాలు వేరైనా ఒకే మనిషి కింద లెక్క. ఎక్కువ వాడే కనెక్షన్ అసలు ఖాతా అవుతుంది. రెండోది దాని కింద, తన చిరునామాతో సహా ఒక వరుసగా చేరుతుంది. బిల్లు అసలు ఖాతా చిరునామాకే వెళ్తుంది. ట్రయల్‌లో చాలా రికార్డులు కలిశాయి. మా ప్రాజెక్ట్ హెడ్ గోపాలన్ సార్ ఆ అంకెలను పైవాళ్ళకు చూపించి వచ్చి, "నీ ఉద్యోగం గట్టిదే సుజాతా," అన్నారు. ఆయన మాట్లాడేది తమిళమే. నేను తెలుగులో రాస్తున్నాను.

కొత్త సిస్టమ్ మొదలవబోతోందని బిల్లులతో పాటు అందరికీ చిన్న కరపత్రం పంపాం. మీ సర్వీసులన్నీ ఇకపై ఒకే బిల్లులో, అని. అది అందిన వారంలోనే కింద కౌంటర్లో ఉండే శాంతి ఫోన్ చేసింది. "అక్కా, ఒకామె వచ్చింది. తెలుగులో ఏదో చెప్తోంది, నాకు అర్థం కావడం లేదు. ఏడ్చేలా ఉంది."

ఆమెకు ముప్పై ఏళ్ళుంటాయి. పేరు వసంత. చేతిలో మా కరపత్రం నలిగిపోయి ఉంది.

"ఈడ కంప్యూటర్ చూసేది మీరేనా అక్కా? దీంట్లో రాసుండేది నిజమా? రెండూ కలిపేస్తారా?"

"ఏ రెండు?" అన్నాను.

"నా పేరు మీద ఒక సెల్లు ఉండాది. పేరే నాది, వాడేది ఆయన. చూలైలో షాపు, హోల్‌సేల్. దాని బిల్లు ఆడికే పోతాది. ఈ పేజరు నాది. దీని బిల్లు పెరంబూరుకు వస్తాది. నేనిప్పుడు ఆడ ఉండాను, బిడ్డతో." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఆడ ఉండానని ఆయనకు తెలీదు. తెలియకూడదు."

ఎందుకని నేను అడగలేదు. కరపత్రం ఎడమ చేత్తో అందించబోయి, మోచెయ్యి పూర్తిగా చాపలేక కుడిచేతిలోకి మార్చుకుంది. నా చూపు గమనించి కొంగు కప్పుకుంది.

"పేజరు తీసేసుకోండి, పోనీ. మా అమ్మ నాతో మాట్లాడే దారి ఇదొక్కటే. అయినా సరి."

తీసేసినా లాభం లేదని ఆమెకు ఎలా చెప్పను? ఆపేసిన కనెక్షన్లను కూడా చిరునామాలతో సహా కొత్త సిస్టమ్‌లోకి తెస్తున్నాం. పాత చరిత్రంతా ఉండాలన్నది ప్యాకేజీ గొప్పల్లో ఒకటి. సెల్ ఆపుదామంటే ఆయన ఫోన్ మూగబోయిన మరుక్షణం కారణం వెతుక్కుంటూ వస్తాడు. "నాకు కొంచెం టైమివ్వు," అని పంపించాను. ఆమె పేరును, ఆమె భర్త పేరును, పుట్టిన తేదీని కలిపి రెండు కనెక్షన్లూ ఒకే మనిషివి అని తేల్చేది నా ప్రోగ్రామే.

గోపాలన్ సార్‌కు చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"పాపమే. కానీ ఒక్క మనిషిని మాత్రం కలపొద్దు అని చెప్పడానికి ప్యాకేజీలో దారి లేదు. మొదలయ్యాక చూద్దాం."

"మొదలైన వారంలోనే బిల్లులు ప్రింటవుతాయి సార్. పెరంబూరు చిరునామా చూలైలో ఆయన చేతికి వెళ్తుంది."

"ఒకరికి మినహాయింపు ఇస్తే రేపు పది మంది వస్తారు. కలిసిన లెక్క తగ్గితే నిన్నూ నన్నూ ఎవరు కాపాడతారు?"

ఆయనది కఠినమైన మనసు కాదు. ఇద్దరు పిల్లల చదువులు, కొత్తగా కట్టుకుంటున్న ఇల్లు. ఆ భయం నాకూ ఉంది. పుట్టిన తేదీలో ఒక అంకె మార్చేస్తే ఆమె ఎవరితోనూ కలవదు. ఆ ఆలోచన ఆ వారమంతా నన్ను వదల్లేదు. కస్టమర్ రికార్డును చెప్పాపెట్టకుండా మార్చినవాళ్ళను మా కంపెనీలో ఆ పూటే పంపేస్తారు. పైగా ఈమెను తప్పిస్తాను సరే, మా దగ్గరికి రాని ఇంకో వసంత సంగతేమిటి?

ఆ తర్వాతి సోమవారం ఏదో పని మీద కిందికి వెళ్ళాను. కౌంటర్లలో అప్పటికే కొత్త సిస్టమ్‌ను ట్రైనింగ్ కోసం పెట్టారు. తెర మీద ఉండేది మాత్రం అసలు డేటానే. శాంతి ఎదుట తెల్ల చొక్కా వేసుకున్న ఒకాయన కూర్చుని ఉన్నాడు. తమిళంలో మెత్తగా, మర్యాదగా మాట్లాడుతున్నాడు.

"అందరికీ ఒకే బిల్లు అంటున్నారు గదమ్మా. మా ఆవిడ పేరు మీద ఈ సెల్లు గాక ఇంకేమేమి ఉండాయో కొంచెం చూసి చెప్పు."

అతని వేలు చూపిస్తున్న కాగితం మీది నంబరును శాంతి టైప్ చేస్తోంది. నడిచి వెళ్ళానో పరిగెత్తానో గుర్తులేదు. ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను. తెర మీద సెల్ నంబరు వచ్చేసింది. దాని కింద రెండో వరుస, పెరంబూరు, వీధి పేరు, ఇంటి నంబరు. నేను తెరకు అడ్డంగా నిలబడ్డాను.

"ఇది ట్రైనింగ్ మెషిను సార్. దీంట్లో చూసి చెప్పకూడదు."

"పరవాలేదు మేడం, నిజమైన దాంట్లో చూడండి. నేను ఉంటాను."

"కనెక్షన్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళకే చెప్తాం. ఆమెను రమ్మనండి."

"నేను ఆమె మొగుణ్ణి."

"అయినా ఆమే రావాలి సార్."

అతను నవ్వాడు. నన్ను కిందనుంచి పైదాకా ఒకసారి చూశాడు.

"ఆమె ఈడికి వచ్చిందా?"

"రోజూ ఎంతోమంది వస్తారు. నాకెలా తెలుస్తుంది?"

అతను వెంటనే లేవలేదు. కాగితాన్ని నిదానంగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సరి, మళ్ళీ వస్తాను," అని వెళ్ళిపోయాడు. అద్దాల తలుపు అవతల రోడ్డు దాటేదాకా మేమిద్దరం కదల్లేదు.

శాంతి ఏడ్చేసింది. "ఇంకొక్క క్షణం ఉంటే చదివేసేదాన్ని అక్కా. భర్తే కదా అనుకున్నాను." ఆమెను అలాగే గోపాలన్ సార్ గదికి తీసుకెళ్ళాను. జరిగింది ఆమే చెప్పింది. సార్ మా ట్రయల్ అంకెల కాగితం తీసి ముందు పెట్టుకున్నారు. ఆయనకూ ఒక కూతురు ఉంది.

"చిరునామాలు వేరుగా ఉన్నవాటిని కలపొద్దు," అన్నారు చివరికి. "మనిషి తనంతట తాను వచ్చి కలపమంటేనే కలుపుదాం. ఒక్కరి కోసం కాదు, అందరికీ ఇదే రూలు. కౌంటర్ తెర మీద చిరునామా కూడా తీసేయించు."

"లెక్క సగానికి పడిపోతుంది సార్."

"తెలుసు."

పైవాళ్ళ మీటింగ్‌కు నన్నూ తీసుకెళ్ళారు. ప్యాకేజీ అమ్మినవాళ్ళు ఏ దేశంలోనూ ఇలా అడగలేదన్నారు. ఇంత ఖర్చుపెట్టి తెచ్చింది ఇందుకా అని మా పైవాళ్ళు మండిపడ్డారు. సార్ వసంత పేరు ఎత్తలేదు. కౌంటర్లో జరిగింది మాత్రం చెప్పి, "ఇది పేపర్లో వస్తే కంపెనీ ఏం జవాబిస్తుంది?" అన్నారు. ఆ గదిలో పనిచేసింది ఆ ఒక్క ప్రశ్నే. రూలు మారింది. మరుసటి ఏడాది ప్రమోషన్ మాత్రం ఆయనకు రాలేదు, ఇంకొకరికి వెళ్ళింది. దాని గురించి ఆయన నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

వసంతకు పేజర్ మీద కబురు పంపాను. కబురు విని టైప్ చేసే ఆపరేటర్ మధ్యలో ఉంటాడు కాబట్టి ఆలోచించి, "కలపలేదు" అని మాత్రం పంపించాను. అది చేరిందో లేదో తెలుసుకునే వీలు లేదు. సిస్టమ్ మొదలై బిల్లులు వెళ్ళిన వారమంతా శాంతి నుంచి ఫోన్ వచ్చినప్పుడల్లా మెట్లు దిగి కౌంటర్ దగ్గరికి పరిగెత్తేదాన్ని. వసంత భర్త ఇంకోసారి వచ్చాడు. శాంతే అదే జవాబిచ్చి పంపింది.

కొన్నాళ్ళకు సెల్ ధరలు పడిపోయి పేజర్ల వ్యాపారమే మూతపడింది. పెట్టె తిరిగి ఇచ్చేయడానికి వసంత వచ్చింది, పక్కన స్కూలు యూనిఫాంలో కూతురు. ఒక ఆడిటర్ దగ్గర ఉద్యోగం దొరికిందట. తన పేరు మీద, తను వాడుకోవడానికి సెల్ తీసుకుంది.

"నేనుండే చోటు ఎవరికీ చెప్పరు కదక్కా?" అంది.

"చెప్పం," అన్నాను. అంటూనే ఆ తెర ఎంతమందికి కనిపిస్తుందో మనసులో లెక్కేసుకోవడం మొదలుపెట్టాను.

ఆ తర్వాత చాలా కంపెనీలకు ఇలాంటి సిస్టమ్‌లు పెట్టాను. కలిపేకొద్దీ మంచిదని మార్కెట్ ఇప్పటికీ అంటుంది. సిస్టమ్‌కు అడిగేవాడు ఎవడో తెలియదు, ఎవరడిగినా చెప్పేస్తుంది. అందుకే ఏ రెండు రికార్డులను ఒకటిగా కలపాల్సి వచ్చినా, ఆ మనిషిని అడిగారా అని మీటింగ్‌లో నేను అడుగుతాను. సాధారణంగా ఎవరూ అడిగి ఉండరు. అప్పుడు పని ఆపించి కూర్చుంటాను, ఎంత ఆలస్యమైనా.