సీడు పత్తి చేలో ఫోను పరీక్ష

హైదరాబాదులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో నేను టెస్టింగ్ పని చేసేదాన్ని. వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాములు వాడకానికి వెళ్ళేముందు వాటిలో తప్పులు వెతికి పట్టుకోవడమే మా టీం పని. ఆసుపత్రి బిల్లులు, గోదాముల సరుకు, అలాంటివే మా దగ్గరికి వచ్చేవి. అన్నీ బల్లమీది కంప్యూటర్లలో నడిచేవే. కుర్చీలోంచి లేవకుండా రోజంతా గడిచిపోయేది.

మా టీం లీడ్‌ది గుంటూరు వైపు. అప్పటికే యాభైకి దగ్గర పడ్డారు. ఏ పరీక్ష ఎలా చేయాలో ముందే రాసిపెట్టుకుని, ఆ వరసలోనే చేయించేవారు. ఆయన చేతిమీదుగా వెళ్ళిన ప్రోగ్రాం వెనక్కి రాదని కంపెనీలో పేరు. మొబైల్ ఫోను మాత్రం ఆయనకు పెద్దగా గిట్టేది కాదు. భార్య పోరు పడలేక కొన్నారు, అదీ ఎక్కువగా సొరుగులోనే ఉండేది.

రెండు వేల దశకం చివరికొచ్చేసరికి మాకు ఒక కొత్త పని వచ్చింది. గద్వాల చుట్టుపక్కల విత్తనం కోసం సీడు పత్తి వేయించే ఒక విత్తనాల కంపెనీ, చేలు తిరిగి చూసే తన ఫీల్డు మనుషులు చేను దగ్గరనుంచే పంట వివరాలు ఫోనులో కొట్టి పంపేలా ఒక అప్లికేషన్ చేయించుకుంది. అప్పటివి బటన్ల ఫోన్లు. మేం దాన్ని కంప్యూటర్లోనే పరీక్షించాం. తెరమీద ఫోను బొమ్మ ఉండేది, దాని బటన్లను మౌసుతో నొక్కేవాళ్ళం. అన్నీ సరిగా వచ్చాయి. లీడ్ సంతకం పెట్టి పంపించారు.

నెల తిరగకముందే గద్వాల నుంచి కబురు. ఫీల్డువాళ్ళు దాన్ని పక్కన పడేసి మళ్ళీ కాగితాలమీదే రాసి పంపుతున్నారట. "వాళ్ళకి వాడడం చేతకాదు" అన్నారు ప్రోగ్రాం రాసినవాళ్ళు. మా లీడ్ కూడా సగం అదే అనుకున్నారు. అయినా వెళ్ళి చూసి రమ్మన్నారు మా కంపెనీ పెద్దసారు. నాది వనపర్తి, అక్కడి మాట నాకు తెలుసు కాబట్టి తోడుగా నన్ను పంపారు.

అద్దె కారులో పొద్దున్నే బయల్దేరాం. బీచుపల్లి వంతెన దాటి, ఎర్రవల్లి దగ్గర హైవే వదిలి గద్వాల చేరాం. అక్కడినుంచి ఇంకాస్త దూరంలో ఉన్న ఊళ్ళో ఫీల్డు ఆయన మోటార్‌సైకిల్ ఆపుకుని మాకోసం చూస్తున్నాడు. ముప్పై లోపు మనిషి. నన్ను చూసి, "రాండ్రి మేడం" అని చేలోకి తీసుకెళ్ళాడు.

అది క్రాసింగ్ కాలం, విత్తనం కోసం పూలను చేత్తో కలిపే రోజులు. ముందురోజు ఒలిచి గుర్తుపెట్టిన మొగ్గలకు ఆడవాళ్ళు మగపువ్వులు తాకిస్తూ సాళ్ళవెంట నడుస్తున్నారు. ఎండ ముదురుతోంది. ఫీల్డు ఆయన ఫోను తీసి, దానిమీద అరచేయి నీడగా పట్టుకుని బటన్లు నొక్కడం మొదలుపెట్టాడు. వేళ్ళకు పుప్పొడి అంటి ఉంది. ఒక బటన్ నొక్కబోతే రెండు పడుతున్నాయి, చెరిపేసి మళ్ళీ కొడుతున్నాడు.

"మీది ఏ ఊరు మేడం?" అన్నాడు కొడుతూనే.

"వనపర్తే."

"గట్లనా? మరి ముందుగాల చెప్పకపోతివి అక్కా."

సగం వివరాలు కొట్టాడో లేదో, ఫోను మోగింది. ఎవరో చూడకుండానే చటుక్కున కట్ చేశాడు. కాసేపటికి మళ్ళీ మోగింది. మళ్ళీ కట్ చేశాడు.

"ఎత్తు అన్నా, ఎవరో ఏమో" అన్నాను.

"ఎత్తితే కొట్టిందంత పోతదక్కా. మల్ల మొదటిసంది కొట్టాలె. అందుకే పని మీద ఉన్నప్పుడు ఎవ్వరిదీ ఎత్త. పొద్దుగాల వేరే చేను కాడ గూడ గిట్లనే కట్ జేసిన."

లీడ్ ఫీల్డు ఆయన చేతిలోని ఫోను వైపు వంగి చూస్తున్నారు. మూడోసారి మోగినప్పుడు, "తీయండి, పోతే పోనీ. అదే చూద్దాం" అన్నారు.

ఆయన తీశాడు. అవతల బామ్మర్ది. మాకు కూడా వినపడేంత గట్టిగా మాట్లాడుతున్నాడు. తొలిచూలుకు పుట్టింటికి వెళ్ళిన ఈయన భార్యకు తెల్లవారకముందే నొప్పులు మొదలయ్యాయి. గద్వాల దవాఖానలో చేర్చారు. బిడ్డ అడ్డం తిరిగింది, ఆపరేషన్ చేయాలంటున్నారు, జల్ది రమ్మంటున్నాడు.

ఫోను పెట్టేసి ఆయన తెర వైపు ఒకసారి చూసుకున్నాడు. కొట్టిందంతా పోయింది. "జర ఆలిశం అయితది సార్, నేను పోయొస్త" అన్నాడు, పక్క ఊరికి వెళ్ళొస్తానన్నట్టు. మోటార్‌సైకిల్ వైపు మాత్రం పరుగెత్తాడు.

"బండి ఇక్కడే ఉండనీ. కారెక్కు" అన్నారు లీడ్.

గద్వాల దగ్గరపడుతుండగా ఆయన, "మీ పని ఖరాబైంది సార్" అన్నాడు. లీడ్ అద్దంలోంచి బయటికి చూస్తూ, "పని సంగతి వదిలేయవయ్యా" అన్నారు.

దవాఖాన వరండాలో ఆయన అత్త ఎదురొచ్చింది. "ఫోను ఎత్తకుంటే ఎట్ల బిడ్డా? నీ బామ్మర్ది పొద్దటిసంది కొడుతుంటే కట్ జేస్తున్నవంట. లోపల అది నీ పేరే తలుస్తుంది" అంది. ఆయన తల వంచుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

లీడ్ ఆమె దగ్గరికి వెళ్ళి, "అమ్మా, అతన్ని ఏమీ అనకండి. ఆ ఫోనులో మేం పెట్టినదానివల్లే ఎత్తలేదు" అన్నారు.

ఆమె ఆయన్ని ఎగాదిగా చూసింది. "మీరెవరు నాయనా, ఫోన్ల కంపెనోల్లా?"

"అలాంటివాళ్ళమే" అన్నారు లీడ్.

వరండా బల్లమీద కూర్చున్నాం. కొంతసేపటికి లీడ్ సంచిలోంచి పరీక్షకని మేం తెచ్చుకున్న ఫోను తీసి, అందులో వివరాలు కొట్టడం మొదలుపెట్టారు. సగంలో ఉండగా నన్ను ఫోను చేయమన్నారు. చేశాను. ఆయన ఎత్తి పెట్టేశారు, కొట్టింది పోయింది. ఇంకోసారి చేయమన్నారు. మళ్ళీ పోయింది. ఆ మోతకు అత్త లేచి వచ్చి, "జర అది ఆపు నాయనా, లోపల పాణం బాగలేనోల్లు ఉన్నరు" అంది. లీడ్ సిగ్గుపడి దాన్ని జేబులో పెట్టేసుకున్నారు.

మధ్యాహ్నం ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా బాగున్నారన్నారు. అత్త మాకు కూడా చాయ్ తెప్పించి ఇచ్చింది.

తిరుగు ప్రయాణంలో లీడ్ నావైపు తిరిగారు. "కంప్యూటర్‌కి ఎవరూ ఫోను చేయరు కదమ్మా. అందుకే మనకి తట్టలేదు."

ఆఫీసుకు రాగానే ఆయన తన పాత పరీక్షలన్నీ పక్కన పెట్టారు. ఫోనొస్తే ప్రోగ్రాం మూసుకుపోవడం మామూలేనని రాసినవాళ్ళు వాదించారు. అది సరయ్యేదాకా సంతకం పెట్టనని ఈయన కూర్చున్నారు. పెద్దసారు దగ్గర పంచాయితీ జరిగింది. చివరికి రాసినవాళ్ళే ఒప్పుకుని, ఫోను మోగగానే కొట్టినంతవరకు దాచిపెట్టేలా మార్చారు.

మా రోజువారీ పని కూడా మారిపోయింది. ఆబిడ్స్ వైపు దుకాణాల్లో రకరకాల పాత ఫోన్లు కొనుక్కొచ్చాం. ఒకదానిలో సరిగా నడిచింది ఇంకోదానిలో తెలుగు అక్షరాల బదులు డబ్బాలు చూపించేది. మధ్యాహ్నం మేడమీదికెక్కి ఎండలో చూసేవాళ్ళం. ఒకరు కొడుతుంటే ఇంకొకరు ఫోను చేసి విసిగించేవాళ్ళం. మాలో ఒకతను, "నేను మేడమీద నిలబడడానికి ఇంజనీరింగ్ చదవలేదు" అని వేరే కంపెనీకి వెళ్ళిపోయాడు. అతన్ని తప్పుపట్టలేను. మొదట్లో నాకూ అలాగే ఉండేది.

సిగ్నల్ సంగతి చూడడానికి లీడ్, నేను వనపర్తి నుంచి నాగర్‌కర్నూల్ బస్సెక్కాం. ఊళ్ళు వచ్చినప్పుడు సిగ్నల్ వచ్చేది, చేలు రాగానే పోయేది. నేను కొట్టి పంపుతుంటే ఆయన పక్క సీట్లో కూర్చుని కిటికీలోంచి సెల్ టవర్లు చూసి చెప్పేవారు. కండక్టర్ మమ్మల్ని రెండుసార్లు అనుమానంగా చూసి, "ఏంది సార్, సర్వే గిట్ట చేస్తున్నరా?" అని అడిగాడు. నాగర్‌కర్నూల్‌లో దిగి హైదరాబాదుకు ఫోను చేస్తే, మేం ఒక్కసారి పంపినవి కొన్ని అక్కడ రెండేసిసార్లు చేరాయని తెలిసింది. సిగ్నల్ తెగి వచ్చినప్పుడల్లా ఫోను మళ్ళీ పంపుతోంది. బస్టాండు హోటల్లో ఇడ్లీ తింటూ లీడ్ పిల్లాడిలా సంబరపడ్డారు. తప్పు దొరికితే ఆయనకు అంత ఆనందం.

అదీ సరిచేయించాక, మరుసటి క్రాసింగ్ కాలానికి ఆ అప్లికేషన్ మళ్ళీ గద్వాల వెళ్ళింది. ఫీల్డు ఆయనే నాకు ఫోను చేశాడు. "ఇప్పుడు మంచిగనే ఉందక్కా. నడుమల ఎవరన్న చేసినా పోతలేదు. కానీ ఆ అక్షరాలు జర పెద్దగ చేయమని చెప్పు" అన్నాడు. చెప్పాను, చేశారు. కొందరు మాత్రం కాగితాలు మానలేదు. విత్తనాల కంపెనీ వాళ్ళను బలవంతపెట్టలేదు.

తర్వాత మా దగ్గరికి ఫోన్ల పనే ఎక్కువగా రాసాగింది. కొత్తగా చేరినవాళ్ళకు లీడ్ మొదటిరోజు కంప్యూటర్ ఇచ్చేవారు కాదు. చేతిలో ఒక ఫోను పెట్టి, సాయంత్రందాకా ఊరంతా తిరిగి రమ్మనేవారు. వచ్చాక ఏం చూశారో కూర్చోబెట్టి అడిగేవారు. ఆ కంపెనీ వదిలేదాకా నేను ఆయన టీంలోనే ఉన్నాను.