గురజాల బంగళా: రోడ్డుకు కనిపించని రేకుల వైపు

పల్నాడుకు పాత కట్టడాలు చూడటానికి వచ్చేవాళ్లు గుళ్లూ గోపురాలూ చూసి వెళ్లిపోతారు. రేకుల కప్పు చూడటానికి బస్సెక్కిన తిక్కమనిషిని నేనొక్కణ్ణేనేమో. గురజాలలో తెల్లదొరల కాలంనాటి ఎర్రరేకుల బంగళా ఒకటుంది. దానికి రంగు వేసే పని దొరికిన మస్తాన్ నా పాత స్నేహితుడు. మొన్న ఫోన్ చేశాడు. "తుప్పు గీకకుండా పైన రంగు కొట్టమంటన్నారన్నా. ఎల్లుండి సాయంత్రానికి అయిపోవాలంట. నేను కాదంటే ఇంకోణ్ణి పెడతారు." కప్పు కారితే కింద టేకు దూలాలు పుచ్చిపోతాయి. పుచ్చాయంటే ప్రమాదమని బోర్డు పెట్టి కూలగొడతారు. మా వైపు పాత కట్టడాలను చంపే పద్ధతే ఇది. నాకు ఒళ్లు మండింది.

మర్నాడు ఉదయం ఆరింటికి నరసరావుపేటలో బస్సెక్కితే నకరికల్లు, పిడుగురాళ్ల మీదుగా రెండు గంటల పైనే పట్టింది. గురజాల బస్టాండు నుంచి ఆటోకు ఇరవై రూపాయలు.

"ఆ బంగళాలో ఏముందన్నా, రేకులు తప్ప?" అన్నాడు ఆటోవాడు.

"రేకుల కోసమే."

"పాత ఇనుము కొంటావా ఏంది?"

"కొనను. దాన్ని పాత ఇనుము చేసేవాళ్ల తాట తీయటానికి పోతన్నా."

మస్తాన్ నన్ను నిచ్చెన ఎక్కించి చూపించాడు. గోటితో గీకితే పాత రంగు అప్పడంలా పెళుసుగా లేచింది, కింద తుప్పు పొడి. పోయిన వేసవిలో ఎవరో మరమ్మతు పేరుతో కొత్త మరలు బిగించారు. "పాతోళ్లు రేకులో ఉబ్బెత్తుగా ఉండే గట్టు మీద మేకు కొట్టారన్నా. నీళ్లు పారేది పల్లంలో గదా! ఈళ్లు బొక్కలన్నీ పల్లంలోనే పెట్టారు." కాలవ అడుగున కన్నం పెట్టి పొలం తడవలేదని ఏడ్చే రైతును నేనింతవరకు చూడలేదు. పైగా రంగు కూడా రోడ్డు వైపు వాలుకే వేయాలట. పని అయిందని ఫొటో తీసేది అటునుంచే కాబట్టి!

పదకొండింటికి కాంట్రాక్టరు తాలూకు సూపర్వైజరు తెల్లచొక్కాలో దిగాడు. ముందురోజు అతని మాట మీద మస్తాన్ వరండా పైన రెండు రేకులకు నమూనాగా రంగు వేసి ఉంచాడు. అదీ తుప్పు మీదే.

"రంగు పడ్డాక చుక్క కారదు బాబాయ్. పూచీ నాది," అన్నాడతను.

"అట్టయితే కూర్చో అబ్బాయ్, టీ తాగుతా మాట్లాడుకుందాం." కుర్చీని సరిగ్గా ఆ రేకుల కిందే వేశాను. నిచ్చెన మీదున్న మస్తాన్‌కు కన్ను గీటాను. వాడు పైనుంచి రెండు బకెట్ల నీళ్లు నిదానంగా వదిలాడు. తుప్పునీళ్లు ముందు టీ గ్లాసులో, తర్వాత తెల్లచొక్కా మీద పడ్డాయి.

"ఏందయ్యా ఈ పని!" అని లేచాడు.

"నువ్వు రెండు బకెట్లకే లేచావు. ఈ దూలాలు వానాకాలమంతా ఆడే కూర్చోవాల!"

కాసేపు అరిచాడు. తర్వాత పక్కకెళ్లి కాంట్రాక్టరుకు ఫోన్ చేసి, "కారతాంది సార్, రేపు కుదరదు," అన్నాడు. వారం గడువు దొరికింది. తీగ బ్రష్షుతో గీకి, కడిగి ఆరబెట్టి, తుప్పును ఆపే రెడ్ ఆక్సైడ్ పూసి, ఆ పైన రెండు పూతలు. బొక్కలు పూడ్చి మరలు గట్టుకు మార్చాలి. అయితే నేను వెనక వాలు మాట ఎత్తగానే సూపర్వైజరు, "అటు ఎవరు చూస్తారు బాబాయ్?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే మస్తాన్ నిచ్చెన భుజాన వేసుకుని బంగళా వెనక్కి నడిచాడు.

"ఎటు పోతన్నావురా?"

"ముందు వైపు ఎట్టాగూ చేయిస్తారన్నా, ఫొటో కావాలి గదా. అందుకే వెనక నుంచి గీకుతా."

తిరుగు బస్సులోనూ నా కోపం చల్లారలేదు. నూరేళ్లు వానను ఆపిన కప్పును కాపాడటానికి ఒక పనిమంతుడు ఇలా దొంగదారిన నడవాల్సి రావటం మనకు సిగ్గుచేటు. మీరూ ఇలాంటి రేకుల కట్టడానికి వెళితే మిట్టమధ్యాహ్నం వెళ్లండి. లోపల తలుపులు మూయించి పైకి చూడండి. వెలుగు చుక్క ఎక్కడ కనిపిస్తే అక్కడ బొక్క ఉన్నట్టు. ఫొటో దాన్నే తీసుకోండి.