ఎడమ చుట్టు

మేస్త్రికి కోపం ముక్కు మీదే ఉంటుంది. ముప్పై ఏళ్ళుగా కార్లలో తెగిన తీగలు వెతుకుతున్న మనిషికి బోలెడంత ఓపిక ఉండాలి కదా అనుకుంటారు చూసేవాళ్ళు. ఆ ఓపికంతా తీగలకే ఖర్చయిపోయి మనుషులకు మిగలదని ఆయన భార్య అంటుంది. ఆవిడ షెడ్డు ముందు బల్ల దగ్గర కూర్చుని ఫోన్లు ఎత్తుతుంది, ఆయన తిట్టి పంపిన వాళ్ళను బుజ్జగించి వెనక్కి పిలుస్తుంది.

వీధిలో అందరూ ఆయన్ను ఎడంచేతి మేస్త్రి అంటారు. బడిలో ఆ చేతి మీద పడని దెబ్బ లేదు. పని నేర్పిన గురువు కూడా, "నువ్వు చుట్టిన టేపు చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయిరా" అని వెక్కిరించేవాడు. అందరూ తీగ మీద టేపును కుడివైపుకు చుడితే ఈయనది ఎడమవైపుకు పోతుంది. పోనుపోను అదే ఆయన సంతకమైపోయింది. ఎంత పాత కారు తెరిచినా సరే, ఎడమ చుట్టు కనిపిస్తే, "ఇది మన చేతిదే, ముట్టుకోనక్కర్లేదు" అని పక్క తీగకు వెళ్ళిపోతాడు.

ఆ రోజు పొద్దున్నే పళ్ళ డాక్టరమ్మ తన ఎర్ర కారును మూడోసారి తీసుకొచ్చింది. మీట నొక్కితే గుడ్డ టాపు మడుచుకుని వెనక్కి పోయే కారు అది. ఖరీదైన వస్తువు, అందుకు తగ్గ గారాబం. ఆవిడ తాళం మేస్త్రి చేతిలో పెట్టింది.

"నిన్న వంతెన మీద ఆగిపోయింది. లైట్లు, మీటర్లు, ఇంజను అన్నీ ఒక్కసారే. వెనక లారీ ఎలా ఆగిందో నాకు తెలీదు. మా అమ్మ పక్కనే ఉంది. కాసేపటికి ఏమీ ఎరగనట్టు దానంతటదే స్టార్టయింది" అంది. "రెండుసార్లు బాగైందని చెప్పి ఇచ్చారు మేస్త్రీ. సాయంత్రం నాలుగింటికి వస్తాను. కారణం చూపించండి. లేదంటే ఇంకెక్కడికైనా తీసుకెళతాను."

తప్పు తనదయ్యే అవకాశం ఉందన్న ఆలోచనే ఆయన బుర్రకు ఎక్కలేదు. నోరు మాత్రం ముందే పరిగెత్తింది.

"కారణం తెలిసిందేనమ్మా. ఆర్నెల్ల క్రితం దాకా దీనికి ఏ రోగమూ లేదు. టాపు గుడ్డ మార్చాకే కదా మొదలైంది? కుట్టేటప్పుడు చూసుకోకుండా ఏ తీగనో నొక్కేశారు."

ఆ టాపు కుట్టిన మనిషి పది అడుగుల దూరంలో మిషను దగ్గరే ఉన్నాడు. అతను మేస్త్రికి స్వయానా బావమరిది. పద్నాలుగేళ్ళుగా ఆ షెడ్డులో సీట్లు, టాపులు కుట్టేది అతనే. డాక్టరమ్మ అతనివైపు ఒకసారి చూసి వెళ్ళిపోయింది. మిషను ఆగింది.

"చూసి చెప్పావా బావా, ఊహించి చెప్పావా?"

"చూసేదేముందిరా? లెక్క కనబడట్లేదా?"

"సరే. ఇంట్లో నన్ను ఎన్ని అన్నా పడ్డాను. పరాయివాళ్ళ ముందు అన్నావు ఇవాళ. చేతిలో ఉన్న సీటు పూర్తిచేసి వెళ్ళిపోతాను. నాకు వేరే చోట పని లేకపోలేదు."

మిషను మళ్ళీ మొదలైంది. భార్య బల్ల దగ్గర నుంచి లేచి వచ్చింది. గొంతు బాగా తగ్గించి మాట్లాడింది. ఆవిడ అరిస్తే మేస్త్రికి భయం లేదు, తగ్గిస్తేనే భయం.

"ఏవండీ, వాడు ఉత్తినే అనే రకం కాదు. ఇవాళ ఇక్కణ్ణుంచి వెళ్ళాడంటే మన ఇంటి ముఖం కూడా చూడడు. మీ నోటి పుణ్యమా అని నాకు తమ్ముడు లేకుండా చెయ్యకండి."

"నేనన్నది నిజమైతే?"

"నిజమో కాదో నాలుగింటిలోగా తేల్చండి మరి."

పని మొదలుపెట్టేటప్పుడు ఆయన వెతికింది లోపం కోసం కాదు, బావమరిది తప్పు కోసం. టాపు అంచుల పట్టీలు ఊడదీశాడు. కుట్టు పక్కన పోయే తీగలన్నీ ఒక్కొక్కటే వేళ్ళ మధ్య జార్చి చూశాడు. ఎక్కడా గీతైనా లేదు. పైగా ప్రతి మలుపు దగ్గరా తీగ ఒరుసుకోకుండా చిన్న తోలు ముక్క వేసి ఉంది. ఆ ముక్కలు వెయ్యమని ఎవరూ చెప్పలేదు. అది చూశాక మేస్త్రి ఆ పట్టీలు మళ్ళీ ఎక్కడివక్కడ బిగించాడు.

కంప్యూటరు తగిలిస్తే పదకొండు లోపాలు చూపించింది, ఒకదానికీ ఒకదానికీ పొంతన లేదు. ఇంతమంది ఒకేసారి ఏడుస్తున్నారంటే అందరికీ కరెంటు అందించే దారిలోనే ఎక్కడో తేడా ఉంది. ఇంజను నడిపి, లైట్లన్నీ వేసి, తీగల కట్టలు పట్టుకుని ఊపాడు. డాక్టరు కుర్చీలో కూర్చోగానే పంటి నొప్పి మాయమైనట్టు, కారు చక్కగా నడుస్తూనే ఉంది. డిక్కీలో బ్యాటరీ దగ్గర కూడా చూశాడు. అక్కడ తన చుట్టే కనిపించింది. ముందుకు పోయాడు.

రెండు దాటింది. మిషను చప్పుడు మధ్యమధ్యలో ఆగి మొదలవుతోంది. ఆగిన ప్రతిసారీ సీటు అయిపోయిందేమోనని మేస్త్రి తలెత్తి చూస్తున్నాడు. చివరికి తలకొట్టేసినట్టున్నా సరే డాక్టరమ్మకు ఫోన్ చేశాడు.

"అమ్మా, నిన్న ఆగినప్పుడు ఏం జరిగిందో మళ్ళీ ఒకసారి మొదట్నుంచీ చెప్తారా?"

"పొద్దున చెప్పాను కదా! అమ్మ భయపడిపోయి, తలకి కట్టుకున్న గుడ్డ తీసి నోటికి అడ్డం పెట్టుకుంది..."

"తలకి గుడ్డ ఎందుకమ్మా?"

"టాపు తీసి ఉందిగా. గాలి."

మేస్త్రి ఫోన్ కుడిచేతిలోంచి ఎడమచేతికి మార్చుకున్నాడు. "అంతకుముందు రెండుసార్లూ?"

"అప్పుడూ తీసే ఉంది. పాత గుడ్డ చిరుగుతుందని ఏళ్ళ తరబడి తెరవనే లేదు. మీ కుట్టుమేస్త్రి కొత్తది వేశాక రోజూ తెరిచే తిరుగుతున్నాను."

ఆ షెడ్డు కప్పు తక్కువ ఎత్తు. టాపు మడుచుకునేటప్పుడు దాని చట్రం పైకి లేచి ట్యూబులైటుకు తగులుతుంది. అందుకని ఆ కారును లోపల ఎన్నిసార్లు పరీక్షించినా టాపు మూసే పరీక్షించాడు.

కారును వీధిలోకి తీశాడు. పాత ముల్లు మీటరును బ్యాటరీకీ కారు ఒంటికీ మధ్య తగిలించి, లైట్లు వేసి, టాపు మీట నొక్కాడు. చట్రం లేచింది, మడుచుకుంది, డిక్కీలోకి దిగింది. చివరి అంగుళం దగ్గర ముల్లు ఎగిరిపడింది. లైట్లు ఒక్క క్షణం ఆరి వెలిగాయి.

డిక్కీలోకి దూరి లోపలి పట్టా ఎత్తాడు. మడిచిన చట్రం నేరుగా బ్యాటరీ ఎర్తు తీగను, కారు మొత్తానికీ కరెంటు దారి అయినదాన్ని, నొక్కుతోంది. నొక్కిన చోట ఒక అతుకు ఉంది. అతుకు మీద నల్ల టేపు, నీటుగా, ఎడమవైపుకు చుట్టి ఉంది.

మూడేళ్ళ కిందట బ్యాటరీ మార్చినప్పటి సంగతి అప్పుడు గుర్తొచ్చింది. తీగ చివర కుళ్ళిపోయింది, అసలుది రావడానికి నెల పడుతుందన్నారు. "ఇప్పటికిలా కానిద్దాం, తర్వాత మార్చొచ్చు" అని ముక్క అతికించాడు. ఆ మాట ఇంకెవరైనా అంటే పీక మీద కూర్చునేవాడు. ఈ కారు వచ్చిన మూడుసార్లూ దీన్ని చూసి, మనదే కదా అని దాటిపోయాడు. వంతెన మీద ఆ ముసలావిడకు ఏమైనా అయ్యుంటే?

మూడున్నరయింది. అతుకు కోసేసి కొత్త తీగ వెయ్యడానికి పావుగంట చాలు. ఎవరికీ తెలియదు. "ఏదో వదులైంది, బిగించాను" అంటే డాక్టరమ్మ నమ్ముతుంది. కత్తి అప్పటికే చేతిలో ఉంది. అంతలో లోపల మిషను ఆగింది. ఈసారి మళ్ళీ మొదలవలేదు. సూదులు, కత్తెరలు రేకు పెట్టెలో పడుతున్న చప్పుడు వినబడింది.

"ఒరేయ్! టార్చి పట్టుకుని ఇలా రా."

"ఎందుకు? ఇంకా ఏ కుట్టు విప్పాలి?" అంటూనే వచ్చాడు బావమరిది, పెట్టె చంకలో పెట్టుకుని.

"అక్కడ వెయ్యి."

వెలుగు టేపు మీద పడింది. అతను ఇంకాస్త వంగి ఆ చుట్టు ఎటు తిరిగిందో చూశాడు.

"నువ్వు బాగా కుట్టావు కాబట్టే ఆవిడ టాపు తెరిచింది" అన్నాడు మేస్త్రి. "తెరిచింది కాబట్టే నా తప్పు బయటపడింది."

బావమరిది చుట్టూ చూశాడు. "డాక్టరమ్మ వచ్చే టైమైంది. గబగబా విప్పెయ్ బావా. అక్కకు కూడా నేను చెప్పనులే."

పొద్దుటి నుంచీ ఒక్క మాటకూ తగ్గని మేస్త్రికి ఆ మాటకు కళ్ళు చెమ్మగిల్లాయి. కత్తి మూసి జేబులో వేసుకున్నాడు.

"వద్దు. ఆవిడ ముందే నిన్ను మాటన్నాను, ఆవిడ ముందే చెప్తాను."

నాలుగింటికి డాక్టరమ్మ వచ్చింది, భార్య కూడా వెనకే వచ్చి నిలబడింది. మేస్త్రి టాపు మడిచి, ముల్లు ఎగరడం చూపించి, అతుకు చూపించాడు.

"ఎవరు చేశారిది?" అందావిడ. ఆమె చూపు బావమరిది వైపు తిరుగుతోంది.

మేస్త్రి ఎడమచెయ్యి పైకెత్తాడు. బడిలో తప్పు ఒప్పుకున్న పిల్లాడిలా, దించమని ఎవరూ చెప్పేదాకా ఎత్తే ఉంచాడు.

ఆవిడ పెట్టాల్సిన చీవాట్లన్నీ పెట్టింది. ఆయన పడ్డాడు. ఆ తర్వాత చట్రానికి దూరంగా కొత్త తీగ నడిపి, చివరలు బిగించి, టేపు ఉండ బావమరిది చేతిలో పెట్టాడు.

"నువ్వు చుట్టు."

"నాకు కుడివైపే వచ్చు బావా."

"కుడివైపే చుట్టరా. ఎడమ చుట్టయితే నేను చూడకుండా దాటిపోతాను."

బావమరిది రేకు పెట్టెను అక్క చేతికిచ్చి డిక్కీలోకి వంగాడు. ఆవిడ దాన్ని తీసుకెళ్ళి మిషను పక్కన, ఎప్పుడూ ఉండే చోటే పెట్టింది.