మోట బొక్కెన తోలుతో కదిలిన కారు

ఇవాళ పొద్దున నా పాత రెండు సీట్ల రేసు కారును హైదరాబాదులో పాత ఇనుము కొనేవాళ్లకు అప్పగిద్దామని సూర్యాపేట నుంచి బయల్దేరాను. ముగ్గురు మేస్త్రీలు దండం పెట్టి వదిలేసిన బండి అది. చివరి ప్రయాణంలోనైనా పరువు దక్కనిస్తుందా? కట్టంగూర్ దగ్గర పొగలు కక్కుతూ ఆగిపోయింది. విప్పి చూస్తే నీళ్ల పంపులోని తోలు వాషరు చీకిపోయింది. దానికి ఇప్పుడు సామాను ఎక్కడా దొరకదు.

పక్క చేనులోంచి యాదయ్య అనే ముసలి రైతు వచ్చి ఆ వాషరును వేళ్లతో నలిపి చూశాడు. బావి దగ్గరి కొట్టంలోకి వెళ్లి, ఒకప్పుడు ఎడ్లతో నీళ్లు తోడిన తోలు మోట బొక్కెనను, ఒక కత్తిని తెచ్చాడు. కరెంటు మోటరు పెట్టించాక దాన్ని మూలన వేలాడదీశాడట.

“వద్దు పెద్దయ్యా, గింత మంచి తోలు కోస్తవా?” అన్నాను.

“ఆముదం రాసి సాదిన తోలు సారూ ఇది. ఉట్టిగ ఏలాడుడుకన్న నీళ్ల కాడ ఉంటెనే దానికి పానం.”

కత్తితో గుండ్రంగా కోసి ఇచ్చాడు. బిగించి ఇంజను నడిపిస్తే ఒక్క చుక్క కారలేదు. యాదయ్య మురిసిపోయి బానెట్ మీద చెయ్యి వేశాడు.

“గిప్పుడు యాడికి తీస్కపోతున్నవ్ సారూ?”

కారు ముక్కు హైదరాబాదు వైపే ఉంది.

“సూర్యాపేటకు, మా ఇంటికి” అన్నాను. తిప్పుకొని వచ్చేశాను కూడా.

మీరైతే ఆయనకు నిజం చెప్పగలిగేవారా?