మా వదిన బర్రెకు నేను పెట్టిన బ్రహ్మజెముడు

నా మాట ఎవరూ పట్టించుకోరు. ఇది ఇవాళ్టి సంగతి కాదు. ఒక పత్రిక వ్యవసాయ పేజీకి ఏడు కార్డులు రాశాను, ఏడింటికీ జవాబు లేదు. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే సారును ఒకసారి కలిశాను. రెండోసారి వెళ్తే నన్ను దూరం నుంచే గుర్తుపట్టి స్కూటరెక్కి వెళ్లిపోయాడు. నేనడిగింది చిన్న ప్రశ్న. ఆకులు లేకుండా, ముళ్లతో, స్తంభంలా నిలబడిన మొక్క కనబడితే చాలు, దానికి బ్రహ్మజెముడని పేరు పెట్టి జనాన్ని ఎందుకు ముంచుతున్నారని. ఆ పేరును నమ్మి నేను ఒకే పూటలో ఒక బర్రె మూతినీ, నా రెండు కళ్లనూ, మా అన్నతో మాటలనూ పోగొట్టుకున్నాను. నవ్వాలనిపిస్తే నవ్వండి. ఎవరు నవ్వారో మాత్రం గుర్తుపెట్టుకుంటాను.

రెండువేల సంవత్సరం దాటాక వానలు వరసగా మొండికేసిన రోజులవి. మా ఊరు అయిజ దగ్గర. గడ్డివాములు ఉండాల్సిన చోట కోళ్లు గీకుతున్నాయి. మా అన్న తిరుపతయ్య కాడెద్దుల్ని అప్పటికే అమ్మేశాడు. మిగిలింది మా వదిన మణెమ్మ బర్రె ఒక్కటే. పుట్టింటివాళ్లు దూడగా ఇస్తే ఆమె చేతుల మీద పెరిగింది. అప్పుడు చూడితో ఉంది. మేత లేదు కనుక వచ్చే పశువుల అంగడికి దాన్నీ ఇచ్చేస్తానని అన్న బేరగాడికి మాటిచ్చాడు. వదిన దాని మెడ గోకుతూ అలాగే నిలబడింది. అది చూసి నా మనసు కరిగింది. కరిగినవాడు కరిగి ఊరుకోవాలి. నేను ఆలోచించడం మొదలుపెట్టాను.

అప్పుడు నేను గద్వాలలో ఒక ఎస్టీడీ బూత్‌లో కూర్చునేవాణ్ణి. ఫోన్లు చేసేవాళ్లు తక్కువ, పేపరు చదివే తీరిక ఎక్కువ. ఒకనాడు వ్యవసాయ పేజీలో నా కోసమే రాసినట్టు ఒక ముక్క కనబడింది. ఎక్కడో దూరదేశంలో కరువొస్తే రైతులు స్తంభాల్లాంటి జెముడు మొక్కల్ని నరికి, మంట మీద ముళ్లు కాల్చి, పశువులకు వేస్తారట. పక్కన బొమ్మ. బొమ్మ కింద బ్రహ్మజెముడు అని పేరు. మా ఊరి చేల గట్ల మీద అదే పేరుతో, అంతే ఎత్తున, వరసలు వరసలుగా ఉన్నదేమిటి మరి? ఊరంతా మేతను కంచెగా నాటుకొని, మేత లేదని పశువుల్ని అమ్ముకుంటోందన్నమాట. మా ఊరి అజ్ఞానానికి జాలిపడి, పేపరు ముక్క జేబులో పెట్టుకొని బస్సెక్కాను.

నేను గుడ్డిగా నమ్మానని అనుకోకండి. శాస్త్రీయంగా పోల్చి చూశాను. బొమ్మలోని స్తంభానికి అంచులు లెక్కపెడితే ఆరో ఏడో తేలాయి. మా గట్టు మీది దానికి మూడే. మనిషికే కరువులో ఎముకలు తేలుతుంటే మొక్కకు అంచులు తగ్గవా అని సర్దిచెప్పుకున్నాను. బొమ్మలో ముళ్లు గుత్తులుగా ఉన్నాయి, మా దానికి జంటలుగా ఉన్నాయి. అచ్చులో ఏదో అలుక్కుపోయి ఉంటుందనుకున్నాను. ఒక్కటి మాత్రం పోల్చలేదు. నరికితే ఏం కారుతుందో బొమ్మలో కనబడదు కదా.

కత్తి పట్టుకొని గట్టెక్కుతుంటే వదిన అడ్డం వచ్చింది.

“గది పాల జెముడు, మర్ది. మేకలు గూడ మూతి వెట్టవు. మేక ముట్టనిదాన్ని బర్రెకు ఏస్తవా?”

“మేకకు పేపరు సదవొస్తదా వదినా?”

“సదువు రాకనే గద అది బతికింది.”

ఆ మాట ఇప్పటికీ నా లోపల ముల్లులా ఉంది. అయినా పేపరు ముక్క చదివి వినిపించాను. అందులో పేరు చూపించాను. వేటు వేస్తే తెల్లటి పాలు ధారగా కారాయి. వదిన వెనక్కి జరిగింది. నాకు మాత్రం అక్కడే అసలు నమ్మకం కుదిరింది. పాలున్న చెట్టు తింటే బర్రెకు పాలు పెరుగుతాయి గానీ తగ్గుతాయా అని అడిగాను. ఇంతటి తర్కానికి ఎదురు చెప్పలేకపోయిందో, బర్రెను ఉంచుకోవాలన్న ఆశే ఎక్కువైందో, వదిన చివరికి తలూపింది. గొర్రె కసాయివాణ్ణి నమ్ముతుందంటారు. వాడికి కనీసం తన పని వచ్చు.

కంపలు పోగేసి మంట పెట్టాను. ముళ్లు చిటపటమంటూ కాలాయి. ఆ పొగకు కళ్లు మండితే చేత్తో తుడుచుకున్నాను. ఆ చేతికున్నది పాలని మీకు గుర్తుంది, నాకు లేదు. కళ్లలో ఎవరో మిరపకాయలు నూరినట్టయింది. వదిన బిందెలకు బిందెలు నీళ్లు పోసి కడిగింది. కళ్లు మూసుకుపోయినా పట్టు వదల్లేదు. ముక్కలకు తవుడు అద్ది, తడుముకుంటూ వెళ్లి తొట్టిలో వేశాను. ఆకలి మీదున్న బర్రె తవుడు వాసనకు ఒక ముక్క అందుకుంది, కొరికింది, నా వైపు చూసింది. చూసిందని వదిన తర్వాత చెప్పింది. ఆ వెంటనే తవుడుతో సహా నా చొక్కా మీద కక్కింది.

సాయంత్రానికి దాని మూతి సొరకాయంత అయింది. నోట్లోంచి చొంగ తీగలుగా సాగింది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నేను చదివితే బర్రె మూతి పోయింది. నన్ను గద్వాల దవాఖానకు తీసుకుపోయారు. కళ్లకు గుడ్డ కట్టించుకొని వచ్చి, నేనూ బర్రే ఒకే కొట్టంలో, చెరొక గుంజ దగ్గర కూర్చున్నాం. అన్న తిట్టలేదు. ఎవరితోనో చెబుతున్నట్టు, ఇంట్లో పశువు ఒక్కటే ఉందనుకున్నానన్నాడు. తర్వాత ఆరు నెలలు నాతో మాట్లాడలేదు.

అంగడినాడు బేరగాడు వచ్చాడు. నాకు కనబడకపోయినా చెవులు పనిచేస్తున్నాయి.

“ఇదేంది తిరుపతన్నా, గాలికుంటు వచ్చిన బర్రెను అంటగడ్తున్నవా?”

అది రోగం కాదని, తమ్ముడని అన్న చెప్పబోయాడు. బేరగాడు వినలేదు. దీన్ని తోలుకుపోతే మిగతావాటికి అంటుకుంటుందని పలుపు వదిలేసి వెళ్లిపోయాడు. అంగడంతా చెప్పి ఉంటాడు, ఇంకో బేరగాడు మా వాకిలి తొక్కలేదు.

మూతి వాచిన బర్రెను చూడటానికి ఊళ్లో ఆడవాళ్లు మాత్రం వచ్చారు. వట్టి చేతులతో రాలేదు. తమ ఇంట్లోనే తాగే నీళ్లకు కటకటగా ఉన్నా తలా చెంబెడు కుడితి తెచ్చి పోశారు. నమలలేని బర్రె ఆ కుడితి మీదే నిలబడింది. వాపు తీసింది. మూడు వారాలకు వాన పడింది, గట్ల మీద గరిక మొలిచింది. బర్రె ఈనింది. దూడ పెయ్యదూడ.

కళ్లు బాగయ్యాక నేను కత్తి పట్టుకొని ఇటిక్యాల నుంచి వనపర్తి దాకా, తెలకపల్లి దాకా కంచెలు గీరుకుంటూ తిరిగాను. పాలు కారే మూడంచుల దాన్ని ఒక ఊళ్లో బొమ్మజెముడన్నారు, ఇంకో ఊళ్లో బ్రహ్మజెముడన్నారు. పాము పడగల్లా ఉండే నాగజెముడునూ ఒకచోట బ్రహ్మజెముడే అన్నారు. వనపర్తిలో ఒక ఆఫీసు ముందు ఆరంచుల స్తంభం దొరికింది. గీరితే పాలు రాలేదు, వట్టి జిగురు నీళ్లు వచ్చాయి. బొమ్మలోది అదే. పేరడిగితే తోటమాలి అదీ బ్రహ్మజెముడే అన్నాడు. తిరిగి తిరిగి నాకు అర్థమైంది ఇంతే. పేరు ఊరూరికీ మారుతుంది. పాలు మాత్రం ఎక్కడైనా పాలే. మా వదిన పేరు జోలికి పోనేలేదు, మేకను చూసింది.

అందుకని అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను. గీరి చూడకుండా, మేకను అడగకుండా, మా వదిన చెప్పింది వినకుండా ఇక ఈ జన్మలో ఏ మొక్కకూ పేరు పెట్టను.

తప్పు ఒప్పుకున్నాను కనుక నా బాకీ తీరింది. ఇక నాకు రావాల్సింది ఉంది. ఆ బర్రె సంతతి ఇప్పటికీ ఆ ఇంట్లోనే పాలిస్తోంది. పండక్కి పబ్బానికి వదిన వానదేవుణ్ణి తలుచుకుంటుంది, కుడితి పోసినవాళ్లను పేరుపేరునా తలుచుకుంటుంది. నా పేరు రాదు. ఒకసారి అడిగేశాను. ఆమె పాలు పిండుతూ తల కూడా ఎత్తలేదు.

“కక్కిన బర్రెకు దండం వెడ్త గని, పెట్టిన నీకెందుకు వెడ్త మర్ది?”

పెట్టందే అది కక్కేదెట్లా వదినా? కక్కకపోతే, మూతి వాచకపోతే, ఆ బేరగాడు పలుపు వదిలేవాడా? పత్రికవాళ్లూ సారూ జవాబివ్వకపోతే పోయారు. దీనికి నువ్వన్నా జవాబు చెప్పు.