పండుగప్పలకు పసుపు

గతేడాది మా మత్స్యశాఖ ఆఫీసువాళ్లం పండుగప్ప చేపపిల్లల వెన్నుకు పసుపుపచ్చ ట్యాగులు గుచ్చి సముద్రంలో వదిలాం. పెరిగినవి ఎన్ని వలకు చిక్కితే పథకం అంత ఫలించినట్టు. ఇప్పటికి జాలర్ల నుంచి ఒక్క ట్యాగూ తిరిగి రాలేదు. అన్నీ చచ్చాయని రిపోర్టు రాసేముందు ఈ రోజు ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి, వల బాగుచేసుకుంటున్న అప్పన్నను అడిగాను.

“సేనా పడ్డాయి బాబూ. ఎవులో అమ్మోరికి మొక్కి ఒగ్గేసిన సేపలనుకున్నాం. తింటే పాపం కదా, పసుపు రాసి మల్లీ సంద్రంలో ఒగ్గేసినాం. ఇంతకీ ఎవులి మొక్కది?”

“గవర్నమెంటుది,” అన్నాను.

“మరి తీరిందేటి?”

అది తేల్చడానికే నాకు జీతమిస్తున్నారు. రిపోర్టులో మాత్రం చచ్చినవి, పట్టుబడినవి అని రెండే గడులున్నాయి. పసుపు రాయించుకుని తిరుగుతున్నవాటిని ఏ గడిలో వేయమంటారు?